పాత ఇనుము వేడి

నేను ఎక్కువ మాట్లాడను. చిన్నప్పుడు మూడేళ్ళు బడికి వెళ్ళాను, తర్వాత మామయ్య గొర్రెల వెంట పంపాడు. గొర్రెలతో ఏం మాట్లాడతాం. పెద్దయ్యాక బొగ్గు గనిలోకి దిగాను. అక్కడ చప్పుడులో ఎవరి మాటా ఎవరికీ వినపడదు. పెళ్ళయ్యాక ఇంట్లో మాటలన్నీ బాల్జాన్ చూసుకుంది. నా వంతు కూడా ఆవిడే మాట్లాడేది. ఆవిడ పోయాక ఇంట్లో మాట లేదు.

కరగండా పక్కన గనుల ఊరు మాది. మా భవనానికి ఐదంతస్తులు, నాది మూడోది. వంటగది కిటికీ కింద ఏడు పలకల ఇనప రేడియేటర్ ఉండేది, ఇల్లు కట్టినప్పుడు పెట్టింది. ఊరి బాయిలర్ నుంచి వచ్చే వేడినీళ్ళు మా భవనంలో పైకెక్కి, అక్కణ్ణించి ఒకే గొట్టంలో ఐదో అంతస్తు నుంచి కిందికి దిగుతాయి. పైవాళ్ళ రేడియేటర్ వాడుకోగా మిగిలిన వేడి మనకి, మనం వాడుకోగా మిగిలింది మన కిందవాళ్ళకి. గొట్టం ఒకటే కాబట్టి దాని మీద ఎక్కడ కొట్టినా అన్ని ఇళ్ళకీ వినపడేది. అక్టోబర్లో వేడినీళ్ళు ఆలస్యమైతే భవనమంతా సుత్తులతో, గరిటెలతో గొట్టాలు బాదేది. ఎవరిని తిడుతున్నారో ఎవరికీ తెలియదు, కానీ కాస్త కోపం తీరేది.

బాల్జాన్ మాత్రం చెంచాతో కొట్టేది. మెల్లగా, రెండుసార్లు. టీ అయింది, రా అని. అది రెండో అంతస్తులో ఉండే ఖానిపాకి. చెంచా పక్కన పెట్టేలోపే మెట్ల మీద ఆవిడ చెప్పుల చప్పుడు వచ్చేది.

ఖానిపా నాకు కుర్‌దాస్. అంటే ఇద్దరం ఒకే ఏడు పుట్టినవాళ్ళం. మాలో కుర్‌దాస్‌లు ఒకర్నొకరు ఎంత మాటైనా అనుకోవచ్చు, కోపం తెచ్చుకున్నవాడిదే తప్పు. ఆవిడ ఆ హక్కుని ఒక్క రోజు కూడా వృథా పోనివ్వలేదు. లోపలికి వస్తూనే, "ఏం బాల్జాన్, ఈ గోడ ఇవాళ ఏమైనా పలికిందా?" అనేది నన్ను చూపించి. బాల్జాన్ నవ్వేది. నేను టీ తాగేవాణ్ణి.

బాల్జాన్ పోయిన నలభయ్యో రోజు భోజనాలయ్యాయి. చుట్టాలు గిన్నెలు కడిగి, మిగిలిన మాంసం సర్ది, వెళ్ళిపోయారు. మర్నాడు ఇంకా చీకటి ఉండగానే మెలకువ వచ్చి వంటగదిలో కూర్చున్నాను. దీపం వెయ్యలేదు. అప్పుడు గొట్టం మోగింది. రెండుసార్లు, కింద నుంచి.

నాకు ఏం చెయ్యాలో తెలియలేదు. టీ పెట్టేవాళ్ళు లేరు. అయినా చెంచా తీసి రెండుసార్లు కొట్టాను. మెట్ల మీద చెప్పుల చప్పుడు రాలేదు. అప్పటికే ఆవిడ మోకాళ్ళు పాడయ్యాయి. రమ్మనడానికి కొట్టలేదని కాసేపటికి అర్థమైంది. ఉన్నావా అని అడిగింది. ఉన్నానని చెప్పాను.

అప్పటి నుంచి రోజూ చీకట్లో ఆవిడ రెండు, నేను రెండు. రోజంతటికీ నా మాటలు అవే. ఎండాకాలంలో నీళ్ళు ఆగినా ఇనుము మోగుతూనే ఉండేది.

కిందికి వెళ్ళకూడదని ఎవరూ అనలేదు. పండగలకి వెళ్ళేవాణ్ణి. ఆవిడ టీ పోసి, ఎండబెట్టిన పెరుగు ఉండలు ముందు పెట్టి, ఊరి సంగతులన్నీ చెప్పేది. ఆవిడ ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు నేనేమైనా అనాలి కదా. నాకు దొరికేది కాదు. గడియారం చప్పుడు వినపడేది. ఒకసారి ఆవిడే అంది, "కుర్‌దాస్, నీతో మాట్లాడడం కంటే గొట్టంతో మాట్లాడడం నయం. అదైనా బదులిస్తుంది." నాకూ అలాగే అనిపించింది.

పోయిన చలికాలం సాల్తనత్ వచ్చింది. భవనం బాగోగులు చూసే మనిషి, మా గొట్టం మీదే ఐదో అంతస్తులో ఉంటుంది. నా కూతురయ్యే వయసు, గౌరవానికి నన్ను ఆతా అనీ, ఖానిపాని ఆపా అనీ పిలుస్తుంది. గుమ్మంలోనే బూట్లు విప్పి తిన్నగా వంటగదిలోకి వచ్చి రేడియేటర్ మీద చెయ్యి పెట్టింది.

"ఎర్గాజీ ఆతా, ఈ గొట్టం మొత్తం మార్చేస్తున్నాం. ఇనుము తీసేసి ప్లాస్టిక్ గొట్టం. దానికి అల్యూమినియం రేడియేటర్లు. నేనూ మొదటి అంతస్తువాళ్ళూ సరే అన్నాం. నాలుగో అంతస్తు మెయ్‌రమ్ శరదృతువులోనే తన ఇంట్లో కొత్తది పెట్టించుకున్నాడు, వాళ్ళింట్లో ఇప్పుడు చొక్కాతో తిరుగుతున్నారు. ఇక మిగిలింది మీరూ, కింద ఖానిపా ఆపా."

"నాకు అక్కర్లేదు" అన్నాను.

"ఎందుకు ఆతా? దీనిలో ఏముందని?"

"ఇనుము వేడి మంచిది."

అంతకంటే ఏం చెప్పను. చెంచా సంగతి చెప్తే నవ్వుతుంది. నవ్వకపోతే జాలిపడుతుంది. అది ఇంకా కష్టం.

"ఆపా కూడా ఇదే మాట" అంది సాల్తనత్. "తన ఇల్లు ఆవిరి స్నానాల గదిలా వేడిగా ఉందట. మీరిద్దరూ కూడబలుక్కున్నారా?"

లేదని తలూపాను. ఖానిపా డబ్బు దగ్గర గట్టి మనిషి, అందుకే ఒప్పుకోలేదనుకున్నాను.

మళ్ళీ వారం సాల్తనత్ పైపుల పనివాడు గెన్నాదీని వెంటబెట్టుకుని వచ్చింది. గెన్నాదీ ఈ భవనంలో తిరుగుతూనే ముసలివాడయ్యాడు, ఏ ఇంట్లో టీ చిక్కగా పెడతారో కూడా తెలుసు. రేడియేటర్ పలకల్ని వేళ్ళతో తడుముతూ చివరిదాకా వెళ్ళాడు.

"కాగితం మీద చూస్తే పాత పలకకీ కొత్త పలకకీ పెద్ద తేడా లేదు ఆతా. కొత్తది పిసరంత ఎక్కువ ఇస్తుంది, అంతే. త్వరగా వేడెక్కుతుంది, త్వరగా చల్లారుతుంది. మీది బద్ధకంగా వేడెక్కి, బద్ధకంగా చల్లారుతుంది. మీలాగే."

"చూశావా" అన్నాను సాల్తనత్‌తో.

"ఆగండి. అది ఇనుము కొత్తగా ఉన్నప్పటి లెక్క. ఇన్నేళ్ళ మట్టి లోపల కూర్చుంటే ఏ పలక పని చేస్తోందో, ఏది చచ్చిందో చెయ్యి పెడితే గానీ తెలీదు. మీది బాగానే ఉంది. బాల్జాన్ ఆపా నా చేత కడిగించేది కదా, పక్కన నిలబడి మరీ."

సాల్తనత్ ఊరుకునే మనిషి కాదు. "అయితే పిండి పెడదాం" అంది. "మా అమ్మ ఎవరింటికి వెళ్ళినా పిండి పొంగడం చూసి ఇల్లు వెచ్చనో కాదో చెప్పేది. నేనే కలుపుతాను. ఒకే ముద్ద, మూడు గిన్నెలు. ఒకటి మెయ్‌రమ్ కొత్తదాని మీద, ఒకటి మీ ఇనుము మీద, ఒకటి ఆపా ఇనుము మీద. పిండి ఎవరి పక్షమూ కాదు. ఓడినవాళ్ళు ఒప్పుకోవాలి."

ఆదివారం పొద్దున్నే సాల్తనత్ బవుర్‌సాక్‌లకి, అంటే నూనెలో వేయించే రొట్టెలకి, పిండి కలిపి మూడు ఎనామిల్ గిన్నెల్లో పెట్టి, పైన గుడ్డలు కప్పి పంచింది. బయట మంచు గాలి. నేను కుర్చీ లాక్కుని నా గిన్నె ఎదురుగా కూర్చున్నాను. ఇంట్లో ఇంకో ప్రాణి ఉన్నట్టు అనిపించింది. గుడ్డ మెల్లగా లేస్తుంటే చూడడం బాగుంది. బాల్జాన్ పోయాక ఆ వంటగదిలో పిండి పులియలేదు.

మెయ్‌రమ్ మెట్ల మీద నుంచే అరిచాడు. "ఆతా, మాది గుడ్డని నెట్టేసింది. మీదెలా ఉంది, ఇంకా మొహం కడుక్కుంటోందా?"

వాడిది ముందు పొంగిన మాట నిజమే. కానీ ఎంతో సేపు కాలేదు, నాదీ అంచు దాకా వచ్చింది. అదే సమయంలో బాయిలర్ దగ్గర ఏం చేశారో నీళ్ళు చల్లబడ్డాయి. అది మాకు మామూలే. కాసేపటికి మెయ్‌రమ్ రేడియేటర్ మీద చెయ్యి పెడితే చల్లగా ఉంది, నాది పిల్లిని పడుకోబెట్టేంత వెచ్చగా ఉంది. సాల్తనత్ రెండిళ్ళకీ తిరిగి చూసింది. నా మొహం చూసి ఆవిడకి ఒళ్ళు మండింది.

"సరే, ఇది సమానం" అంది. "కిందికి పదండి. మూడోది చూద్దాం."

గెలిచినవాడిలా దిగాను. ఖానిపా తలుపు తీయడానికి చాలాసేపు పట్టింది. గొర్రెతోలు చొక్కా, దాని మీద ఉన్ని శాలువా, కాళ్ళకి ఉన్ని బూట్లు. బయటికి వెళ్ళబోతోందేమో అనుకున్నాను.

"ఓహో, గోడ నడిచొచ్చింది" అంది నన్ను చూసి. "సాల్తనత్, మెట్లకి ఏం కాలేదు కదా?"

వంటగదిలో గిన్నె మీద గుడ్డ లేవలేదు. సాల్తనత్ తీసి చూసింది. పిండి పొద్దున పెట్టినట్టే ఉంది. పైన పొర కట్టి, పగిలింది.

"ఆపా, ఇదేంటి?"

"నన్నడుగుతావేం, నువ్వు పిసికిన పిండి. దానికీ చెయ్యి నచ్చాలి."

"అదే చెయ్యి, అదే పిండి. పైన రెండిళ్ళలో పొంగింది."

"పైవాళ్ళు దాన్ని చూసి నవ్వుంటారు, ఉబ్బింది. నేను నవ్వలేదు."

సాల్తనత్ గెన్నాదీని పిలుచుకొస్తానని పైకి వెళ్ళింది. మేమిద్దరం మిగిలాం. నేను రేడియేటర్ దగ్గరికి వెళ్ళి చెయ్యి పెట్టాను. గొట్టం దగ్గర మొదటి పలక వెచ్చగా ఉంది. రెండోది గోరువెచ్చన. ఆ తర్వాతవి రాళ్ళు. చివరిదాని మీద చెయ్యి పెడితే చలి మోచేతి దాకా ఎక్కింది. కిటికీ లోపలి వైపు అంచున మంచు పేరుకుని ఉంది.

"ఏంటి ఆ తడమడం? గొర్రెని కొంటున్నావా?"

"చల్లగా ఉంది."

"నేనేమైనా కొత్త పెళ్ళికూతుర్నా, వెచ్చగా ఉండడానికి?"

"ఎప్పటి నుంచి?"

"పోయిన చలికాలం నయం. ఈసారి పూర్తిగా పడుకుంది." శాలువా సర్దుకుంది. "రాత్రి దుప్పట్లో బానే ఉంటుంది. తెల్లవారుతుంటే ఎముకల్లోకి దిగుతుంది, అంతే. లేచి పొయ్యి వెలిగించుకుని కూర్చుంటాను."

"చెప్పొచ్చు కదా."

"ఎలా చెప్పను కుర్‌దాస్? రెండు కొడితే ఉన్నానని. చలేస్తోంది అనడానికి ఎన్ని కొట్టాలి?"

గడియారం చప్పుడు వినపడింది. ఇల్లు అంత వేడిగా ఉందని సాల్తనత్‌తో ఎందుకు చెప్పావని అడిగాను. ఖానిపా కిటికీ వైపు తిరిగింది. కింద ఎవరో కారు మీద మంచు గీకుతున్నారు.

"గెన్నాదీని అడిగాను" అంది. "ప్లాస్టిక్ గొట్టం మోగదట."

మెట్ల మీద అడుగుల చప్పుడు దగ్గరికి వచ్చింది. సాల్తనత్, వెనక గెన్నాదీ. వాళ్ళు ఇంకా నోరు తెరవకముందే అన్నాను.

"మార్చెయ్యండి."

"ఏది ఆతా, ఇదా?"

"అన్నీ. నాది కూడా. గొట్టం కూడా."

"వాడి మాట వినకండి" అంది ఖానిపా. "మెట్లు దిగడంతో తల తిరిగినట్టుంది. నేను ఒప్పుకోలేదు."

"ఈవిడ మాట వినకండి" అన్నాను. "ఈవిడకి చలేస్తోంది. దీన్ని ఒక్కదాన్నే మారిస్తే లాభం లేదు, గొట్టంలో మట్టి మళ్ళీ దీనిలోకే వస్తుంది. అవునా గెన్నాదీ? వేడినీళ్ళు ఆపే ఏప్రిల్ దాకా ఆగొద్దు. ఎండ వచ్చిన రోజు చూసి చేసెయ్."

అందరూ నన్నే చూశారు. ఒకేసారి అంత మాట్లాడినట్టు నాకే తర్వాత తెలిసింది. గెన్నాదీ టోపీ తీసి తల గోక్కున్నాడు. "ఆతా నా పేరు కూడా పలికాడు" అన్నాడు. ఖానిపా నవ్వలేదు. పిండి గిన్నె తీసుకుని, చెత్తబుట్టలో వెయ్యడానికి చెయ్యి రాక, మళ్ళీ రేడియేటర్ మీదే పెట్టింది.

గాలి లేని రోజు ఒకటి వచ్చింది. గెన్నాదీ ముందురోజే అందరికీ చెప్పాడు. ఆ పొద్దున చీకట్లో మామూలుగానే ఆవిడ రెండు కొట్టింది, నేను రెండు కొట్టాను. అక్కడితో అయిపోవాలి. ఆవిడ మళ్ళీ రెండు కొట్టింది. నేనూ కొట్టాను. ఆవిడ మళ్ళీ. అలా ఎంతసేపు కొట్టుకున్నామో తెలియదు. చివరికి పైన మెయ్‌రమ్ కిటికీ తెరిచి, "ఏమైంది, అప్పుడే నీళ్ళు ఆపేశాడా?" అని అరిచాడు. ఇద్దరం ఆపాం. చెంచా చేతిలో వెచ్చబడింది.

రంపం పెట్టి గొట్టాన్ని ముక్కలుగా కోశారు. నా రేడియేటర్‌ని ఇద్దరు మనుషులు మోసుకెళ్ళారు, ఒక మెట్టుకి ఒకసారి దింపుకుంటూ. గోడ మీద దాని ఆకారంలో పాత రంగు మిగిలింది, బాల్జాన్ మొదటి ఏడు వేసిన లేతనీలం. పెరట్లో వాటిని వరసగా పడేసి వంచారు. నా దాంట్లోంచి తుప్పునీళ్ళు కారాయి. ఖానిపా దాంట్లోంచి నీళ్ళు రాలేదు, నల్లటి బురద ముద్దలు ముద్దలుగా మంచు మీద పడింది. గనిలో తడి బొగ్గు అలాగే ఉంటుంది. కిటికీ దగ్గర నిలబడి చూశాను. కింది కిటికీలో ఆవిడా చూస్తూ ఉండి ఉంటుంది. పాత ఇనుము కొనేవాడి బండి వచ్చి అన్నీ ఎత్తుకుపోయింది.

సాయంత్రానికి నీళ్ళు వదిలారు. కొత్తది తెల్లగా, సన్నగా, ఆస్పత్రి సామానులా ఉంది. నిమిషాల్లో చెయ్యి కాలేంత వేడెక్కింది. గెన్నాదీ దాని కుళాయి చూపించాడు.

"ఇంతకుముందు ఇది లేదు ఆతా. ఎక్కువ వేడనిపిస్తే ఇటు తిప్పండి. నీళ్ళు మీ రేడియేటర్‌లోకి రాకుండా పక్కనుంచి దిగిపోతాయి, అదే వేడితో కిందికి వెళ్తాయి."

"ఖానిపాకి ఎలా ఉంది?"

"శాలువా తీసేసింది. బూట్లు కూడా. నాకు మాంసం పెట్టింది, అంటే చూసుకోండి."

మర్నాడు చీకట్లో మామూలు వేళకే లేచాను. వంటగదిలో కూర్చుని ఎదురుచూశాను. ఏమీ రాదని తెలుసు, అయినా కూర్చున్నాను. తర్వాత చెంచా తీసి కొత్త రేడియేటర్ మీద కొట్టాను. ఖాళీ డబ్బా మీద కొట్టినట్టు టప్పుమంది, అక్కడే ఆగిపోయింది. గొట్టం మీద కొట్టాను. మోకాలి మీద కొట్టుకున్నట్టు ఉంది.

గోడకి తగిలించిన కోటు వేసుకుని, తలుపు తీసి మెట్లు దిగాను. దిగి ఏం చెప్పాలో అనుకోలేదు. ఉన్నావా అని అడగొచ్చు. ఒక్క మాటే కదా. ఆవిడ ఏదో ఒకటి అంటుంది, గోడ మళ్ళీ నడిచొచ్చింది అంటుంది. నేను తలూపుతాను. చాలు.

తలుపు ముందు నిలబడ్డాక చెంచా ఇంకా చేతిలోనే ఉందని చూసుకున్నాను. దాంతోనే కొట్టబోయాను. లోపల్నించి చప్పుడు వినపడింది. తలుపుకి చెవి ఆనించాను.

గురక. నిండుగా, తీరిగ్గా, మధ్యలో చిన్న ఈల.

ఇన్నేళ్ళూ ఆవిడ నాకంటే ముందే లేచేది, ఆవుల పాలు పితికిన మనిషి కాబట్టి అలవాటనుకున్నాను. ఈ రెండు చలికాలాలూ లేపింది చలి. ఇవాళ చలి లేదు. ఖానిపా గురక పెడుతుందని కూడా నాకు తెలియదు. కుర్‌దాస్‌ని దెప్పడానికి ఇంతకంటే మంచి సంగతి దొరకదు, ఏడాదంతా వాడుకోవచ్చు. ఎవరితో చెప్పుకుని నవ్వాలో తోచలేదు.

అక్కడే కాసేపు నిలబడ్డాను. మెట్ల దీపం ఆరిపోయింది. చెంచా కోటు జేబులో వేసుకుని, గోడ పట్టుకుని పైకెక్కాను.

వంటగది వేడిగా ఉంది. కోటు విప్పబోయి ఆగాను. కిటికీ దగ్గరికి వెళ్ళి గెన్నాదీ చూపించిన కుళాయిని కొంచెం తిప్పాను. గొట్టంలో నీళ్ళు గుసగుసమని కిందికి దిగాయి. టీ పెట్టుకుని కోటుతోనే కూర్చున్నాను. తెల్లవారింది. కింద నుంచి ఏ చప్పుడూ లేదు. లేచి ఇంకాస్త తిప్పాను.